ద్వీపమును కోరుట: సుఖమా, శ్రేయస్సా?

మలేషియాలోని మన తెలుగు కుటుంబములలో వైద్యవిద్య ముగించిన యువతీయువకులు నేడు పలువురు కలరు. పట్టము పుచ్చుకొనిన పిమ్మట వారు హౌస్‌మన్‌గా శిక్షణ పొందవలెను. 2008 నుండి ఈ శిక్షణ రెండు సంవత్సరములకు పెరిగినది. నాలుగేసి మాసముల చొప్పున ఆరు విభాగములలో పనిచేయవలెను. ఏ ఆసుపత్రిని కోరవలెనను ప్రశ్న వచ్చినపుడు పలువురి మనస్సు పినాంగు వైపు మొగ్గును. సముద్రతీరము, జార్జిటౌను వీధుల అందము, రుచిగల భోజనము, దేవాలయములు, ఇన్ని ఆకర్షణలు గల ద్వీపమును కోరుట తప్పా? ఈ చిన్న ప్రశ్నలో పెద్ద ధర్మవిచారము ఇమిడియున్నది.

ఆ ద్వీపముతో మన సంబంధము పాతది. పినాంగు ప్రక్కనే జెరెజాక్ అను చిన్న ద్వీపము కలదు. దక్షిణ భారతమునుండి ఓడలలో వచ్చిన కూలీలను, అంటువ్యాధులు కలవేమోయని అచట దించి, పరీక్షించి, కొన్ని దినములు ఉంచెడివారు. కుష్ఠురోగుల ఆశ్రమము కూడ అచటనే ఉండెను. తన్ను ఏ తోటకు పంపుదురో ఒప్పందపు కూలీకి తెలియదు. అడుగు హక్కును లేదు. మలయాలో ఆ పద్ధతి 1910లో రద్దయ్యెను గాని, తోటలో జ్వరము వచ్చినవానికి చాలకాలము డ్రెస్సరు ఇచ్చు మందే గతి. అట్టివారి మునిమనుమలు నేడు వైద్యులై, ఎచటికి పోదుమాయని తామే ఆలోచించుకొనుచున్నారు. ఇది సామాన్యమైన భాగ్యము కాదు.

అట్లయిన ఆ ఋణము తీర్చుటకు కష్టమైన చోటికే పోవలెనా? కొందరు పెద్దలు అట్లే అందురు. "సబాలోని సండకాన్ వంటి చోటికి పొమ్ము, లోతట్టు గ్రామములనుండి ఎంతో దూరము ప్రయాణించి వచ్చు రోగులు అచట కలరు" అని బోధింతురు. ఈ మాటలో సత్యము కలదు. కాని ఇతరుల ఆజ్ఞకు తలవంచి పోయినచో అది మరియొక ఒప్పందపు కూలితనము కాదా? బలవంతపు త్యాగము త్యాగము కానేరదు. పైగా హౌస్‌మన్ ఇంకను శిష్యుడే. చేయిపట్టి నేర్పు గురువులు, పలువిధముల రోగులు గల చోటు అతనికి అవసరము. వేయికి పైగా పడకలు గల పినాంగు ఆసుపత్రిని ఆ కారణముచే కోరినచో ఆ కోరిక నిందింపదగినది కాదు.

కఠోపనిషత్తులో యముడు నచికేతునకు శ్రేయస్సు వేరు, ప్రేయస్సు వేరు అని బోధించెను. శ్రేయస్సు ఎల్లప్పుడు కష్టమైన చోటనే యుండునని దీని అర్థము కాదు. ప్రేయస్సును కోరి, దానికి శ్రేయస్సని పేరు పెట్టుకొనుటలోనే ప్రమాదము కలదు. "అచట శిక్షణ బాగుండును" అని పైకి చెప్పి, లోన సముద్రతీరమును తలచువాడు మొదట తన్ను తానే మోసగించుకొనును. ఆ అలవాటు రోగి మంచము వరకు వెంటవచ్చును. రాత్రి 3 గంటలకు పిలుపు వచ్చినపుడు, "నేను అలసితిని" అని ఒప్పుకొనుటకు మారుగా "రోగి బాగుగనే యున్నాడు" అని చూడకయే వ్రాయుట కూడ ఆ జాతి అసత్యమే. అపుడు నష్టపోవువాడు వైద్యుడు కాదు.

కావున యువ వైద్యులారా, ఒక్క ప్రశ్న వేసికొనుడు: ఈ ఆసుపత్రి సముద్రము లేని ఊర నున్నను నేను దీనినే కోరుదునా? కోరుదునని మనస్సు చెప్పినచో నిశ్చింతగా పొండు. చెప్పనిచో, సుఖమునకే పోవుచున్నానని ఒప్పుకొని పొండు. అచట నేర్చిన విద్యను అవసరమైన చోటికి కొనిపోవుటకు సిద్ధపడుడు. రెండును ధర్మమునకు దూరము కావు.

జెరెజాక్‌లో నిలిపి పరీక్షింపబడిన ముత్తాతకు ఎన్నుకొను స్వేచ్ఛ లేకుండెను. ఆ స్వేచ్ఛ గల మునిమనుమడు తన మనస్సును తానే పరీక్షించుకొనుట ఆయనకు చేయదగిన తర్పణము.