మోగని గంట

అనగనగా విశాఖపట్నంలో ఒక మేడ. కింది వాటాలో చిన్న కంపెనీ, పై వాటాలో ఇంటి ఓనరు తాతగారు. ఆయన తంతి ఆఫీసులో టెలిప్రింటర్ మీద పనిచేసి రిటైరైన మనిషి. నిద్ర పట్టని రాత్రుళ్లు కిందికి దిగి, నైట్ షిఫ్టు కుర్రాడితో కబుర్లాడేవాడు.

కుర్రాడి పని రాత్రి బ్యాకప్. అది రెండు మూడు గంటల వ్యవహారం. టెర్మినల్లో కమాండ్ కొట్టి, చివర ఇంకో ముక్క తగిలించేవాడు: పని అయినా సరే, మధ్యలో ఆగినా సరే, గంట కొట్టమని. ఆ భరోసాతో టేబుల్ మీద తల వాల్చేవాడు. ఒక రాత్రి డిస్కు నిండిపోయి బ్యాకప్ సగంలో ఆగింది. గంట మోగలేదు. పాలవాడి సైకిల్ బెల్లుకి మెలకువ వచ్చేసరికి తెల్లారిపోయింది. ఆ ఉదయం తిన్న చీవాట్ల సంగతి ఎందుకులెండి.

మర్నాడు రాత్రి ముందు స్పీకర్‌నే అనుమానించాడు. వైరు మార్చాడు, సౌండ్ పూర్తిగా పెంచాడు, ఘంటసాల పాట పెట్టాడు. గది దద్దరిల్లింది. ఘంటసాల పలుకుతున్నాడు, గంటే పలకడం లేదు.

పాట విని తాతగారు దిగొచ్చాడు.

"ఏరా, ఈ వేళప్పుడు కచేరీ ఏమిటి?"

"గంట మోగట్లేదు తాతగారూ."

"గంట ఏదీ? ఎక్కడుంది?"

"ఉండదండీ. అదొక అక్షరం, అంతే. ఆస్కీ పట్టికలో 7వ నంబరు. కంట్రోల్ పట్టుకుని జీ నొక్కితే వచ్చేది అదే. తెర మీద ఏమీ పడదు, చప్పుడు మాత్రం రావాలి."

ముసలాయన మొహం వెలిగింది. "మాదీ అదే కదరా! ఫిగర్స్ మీట నొక్కి జే కొడితే అవతలి ఊళ్లో మెషీన్ గంట కొట్టేది. కాగితం మీద చుక్క కూడా పడేది కాదు." మన దేశంలో టెలిగ్రామ్ 2013లో పోయింది. గంట అక్షరం మాత్రం టెలిప్రింటర్ నుంచి దిగి 1963 నాటి ఆస్కీలోకి ఎక్కి, ఇవాళ్టి ల్యాప్‌టాప్ దాకా వచ్చేసింది. ఇత్తడి పోయింది, నంబరు మిగిలింది.

"లైను పలక్కపోతే మేం మెషీన్ విప్పేవాళ్లం కాదు," అన్నాడు తాతగారు కుర్చీ లాక్కుంటూ. "దగ్గరి స్టేషన్ని పిలిచేవాళ్లం. పలికితే దాని తరవాతది. ఎక్కడ పలకదో అక్కడికి మనిషిని పంపేవాళ్లం."

కుర్రాడు బుద్ధిగా మొదటి స్టేషన్ నుంచి మొదలుపెట్టాడు. ఖాళీ లైన్ మీద బ్యాక్‌స్పేస్ నొక్కాడు. మామూలుగా దానికే చిన్న చప్పుడు రావాలి, రాలేదు. హోమ్ ఫోల్డర్లో ఇన్‌పుట్‌ఆర్‌సీ అనే ఫైలు తెరిస్తే, బెల్ స్టైల్ 'నన్' అని ఉంది. రాసింది తనే! ట్యాబ్ నొక్కినప్పుడల్లా టుంగుమంటోందని నిరుడు విసుక్కుని పెట్టుకున్నాడు. నాలిక కరుచుకున్నాడు. కానీ ఆ లైన్ ఆపేది కీబోర్డు దగ్గరి చప్పుళ్లనే, బ్యాకప్ గంట దాని గుండా పోదు. అది తీసేసి, ఒట్టి 7వ అక్షరాన్ని ఎకో కమాండ్‌తో పంపాడు. మౌనం.

రెండో స్టేషన్ టెర్మినల్ ప్రిఫరెన్సెస్. 'టెర్మినల్ బెల్' గడిలో టిక్కు లేదు. పగటి షిఫ్టులో ఇదే మెషీన్ ముందు కూర్చునే అమ్మాయి పని. టిక్కు పెట్టాడు. మళ్లీ మౌనం.

మూడోది సౌండ్ సెట్టింగ్స్. అక్కడ పాటలకు ఒక గీత, సిస్టమ్ సౌండ్స్‌కి వేరే గీత. రెండోది సున్నా దగ్గర పడుకుని ఉంది. వీడియో మీటింగ్ మధ్యలో టింగుటింగుమంటోందని కిందటి వారం మేనేజరు లాగేశాడట. ఘంటసాల ఎందుకు పలికాడో కుర్రాడికి అప్పుడు తెలిసింది. గీతను కుడివైపుకి జరిపి మళ్లీ పంపాడు.

టుంగ్.

ఈ వెతుకులాటలో ఇంకొకటి కూడా కంటపడింది. పాత కంప్యూటర్ల పెట్టె లోపలుండే బజర్ డ్రైవర్‌ని ఈ మెషీన్‌ని నడిపే ఉబుంటు సిస్టమ్ వాళ్లే బ్లాక్‌లిస్టులో పెట్టి ఉంచారు. అయితే పైన ఒక లైన్ రాశారు: ఇది వికారమైన గోల, అందరి ప్రాణం తీస్తోందని. కింద బగ్ నంబరు కూడా వేశారు. ఇన్ని మూతల్లో కారణం రాసి పెట్టిన మూత అదొక్కటే.

నీతి: గంట నోరు నొక్కేది శత్రువులు కాదు, విసిగిన మనవాళ్లే. బ్యాక్‌స్పేస్‌కీ ట్యాబ్‌కీ కూడా మోగే గంటకి 'నాన్నా పులి' కథలో పిల్లాడి గతే పడుతుంది. పాపం, ఇది అబద్ధం కూడా ఆడలేదు. మోగమన్న ప్రతిసారీ మోగింది, అంతే. దాన్ని ఆపినవాళ్లను నేను తప్పుపట్టను, ఆ గోల నేనూ పడలేను. ఆపి, రాత్రి దాని మీద ఆధారపడే మనిషికి చెప్పకుండా ఇంటికి పోవడమే తప్పు.

వారం తరవాత కుర్రాడు డ్యూటీకి వచ్చేసరికి మానిటర్ అంచుకి పసుపు కాగితం అంటించి ఉంది. పగటి షిఫ్టు అమ్మాయి రాత: "ట్యాబ్ గోల భరించలేక పదింటికి బెల్ తీసేశాను. ఆరింటికి వెళ్తూ మళ్లీ పెట్టాను. ఒకసారి కొట్టి చూసుకో."

కుర్రాడు కొట్టి చూశాడు. పై వాటాలోంచి "మోగిందిరోయ్!" అని కేక వినిపించింది.