ఒక దేహము, పెక్కు వ్యక్తులు: ఋణమెవరిది?

"నేను" అను మాటకంటె మనము తఱచుగా పలుకు మాట లేదు. దానికంటె తక్కువగా విచారించు మాటయు లేదు. న్యాయస్థానమున సాక్షి ప్రమాణము చేయునపుడును, దస్తావేజుపై సంతకము పెట్టునపుడును, తండ్రి తన కూతునకు మాట యిచ్చునపుడును, నిన్నటివాడును నేటివాడును రేపటివాడును ఒక్కడే యని అందఱును నమ్ముదురు. వ్యవహారము, వివాహము, స్నేహము, శిక్ష, క్షమ యన్నియు ఈ నమ్మకముమీదనే నిలిచియున్నవి. అట్టిచో ఒక్క దేహమున ఇద్దఱో ముగ్గురో వంతులవారిగా "నేను" అని పలుకుచు, ఒకరు చేసినది వేఱొకరెఱుగకున్నచో ఈ నమ్మకము గతి యేమి? ఇది ప్రొద్దుపోక కల్పించిన ప్రశ్న కాదు. ఒకనాడది మా కచేరీలో మా యెదుటనే కూర్చుండెను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఉపాధ్యాయిని మా యొద్దకు వచ్చెను. ఒక బట్టల వర్తకుడు ఆమెపై బాకీ దావా వేసియుండెను. ఆ దుకాణమున అడుగుపెట్టినట్లే తానెఱుగనని యామె చెప్పెను. ఖాతాలో సంతకము కలదు; వ్రాత యామెది కాదు; అయినను వ్రాసినది యామెయే యని గుమాస్తాలిద్దఱు చెప్పుచుండిరి. విచారింపగా తెలిసినదేమనగా, చిన్ననాటినుండియు ఆమెకు కొన్ని దినములు లెక్కకు రాకుండ పోవుచున్నవి. తానెఱుగని వ్రాతలో ఉత్తరములు తన పెట్టెలో కానవచ్చును. ఆ వేళలలో తాను వేఱు పేరు చెప్పుకొని, వేఱు గొంతుతో, వేఱు స్వభావముతో మెలగుదునని యింటివారు చెప్పుదురు. వైద్యులు వ్యాధిని నిర్ణయించి పత్రము నిచ్చియుండిరి.

ఆ పత్రమును చూచి మేము సంతోషించితిమి. ఏలయన వాదము సులభమయ్యెను. ఒప్పందము చేయు సమయమున దాని యర్థమును గ్రహించి, తన లాభనష్టములను తర్కించుకొనగలవాడే స్వస్థచిత్తుడని 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 12వ సెక్షను చెప్పుచున్నది. "అమ్మా, కొన్నది మీరు కారు, మీ దేహము మాత్రమే. ఈ దావా నిలువదు" అంటిమి. ఆమె కొంతసేపు ఊరకుండి యిట్లనెను: "నాకు జ్ఞాపకము లేదనుట నిజమేనండీ. కాని ఆ చీరలు నా బీరువాలోనే యున్నవి. ఆ వర్తకుడు గాలికి అరువియ్యలేదు గదా! వాయిదాలిప్పించుడు, నేనే తీర్చెదను." వాయిదాలు కుదిరినవి, బాకీ తీరినది. వ్యాజ్యము ముగిసినను ఆ మాట మాత్రము మమ్ము విడువలేదు.

ఇట్టి వృత్తాంతములు క్రొత్తవి కావు. అమెరికాలో ఆన్సెల్ బోర్న్ అను మతబోధకుడు 1887 జనవరిలో బ్యాంకునుండి సొమ్ము తీసికొని యదృశ్యుడయ్యెను. పెన్సిల్వేనియాలోని నారిస్‌టౌన్ పట్టణమున బ్రౌన్ అను పేర చిన్న దుకాణము పెట్టుకొని, ఎవరికిని అనుమానము కలుగకుండ దాదాపు రెండు మాసములు జీవించెను. మార్చిలో ఒక ప్రాతఃకాలమున మేల్కొని తానెచ్చటనున్నాడో తెలియక భయపడెను. దుకాణమన్న నేమో అతడెఱుగడు. 1890లో ప్రఖ్యాత మనస్తత్త్వవేత్త విలియం జేమ్స్ అతనిని వశీకరణనిద్రయందుంచి ప్రశ్నింపగా బ్రౌన్ మరల వచ్చి పలికెను. ఆ యిద్దఱి జ్ఞాపకములను ఒక్కటిగా కలుపవలెనని జేమ్స్ చేసిన యత్నము ఫలింపలేదు.

వైద్యులు ఈ స్థితికి 1980లో బహువ్యక్తిత్వ వ్యాధియని పేరిడి, 1994లో ఆ పేరును మార్చి వ్యక్తిత్వ విచ్ఛేద వ్యాధి యనిరి. ఈ మార్పు మాటలలోనిది మాత్రమే కాదు. ఒక దేహములో పలువురు చేరిరనుటకంటె, బాల్యమున ఒక్కటిగా అల్లుకొనవలసిన వ్యక్తిత్వము అల్లుకొనలేక పోయెననుట సరియని వారి భావము. ఈ రోగులలో పలువురు పసితనమున ఘోరమైన హింసకు గుఱియైనట్లు చెప్పుదురు. తాళలేని బాధను ఆ పసిమనస్సు "ఇది నాకు కాదు, వేఱొకరికి జరుగుచున్నది" యని ప్రక్కకు నెట్టి బ్రతికెనని పెక్కుమంది వైద్యుల మతము. వైద్యుని సూచనలును, పుస్తకములును, చలనచిత్రములును కొన్ని సందర్భములలో ఈ రూపమును కల్పించెనని వాదించు పండితులును కలరు. వాద మెట్లున్నను బాధ మాత్రము కల్ల కాదు.

ఇక మన ప్రశ్నకు వత్తము. భేతాళ కథలలో ఇద్దఱి తలలు తారుమారైనపుడు భర్త యెవడని భేతాళుడడుగగా, తల యే దేహముననున్నదో అతడే భర్త యని విక్రమార్కుడు తీర్పు చెప్పెను. తల యొక్కటియే యై అందు "నేను" అనువారు పెక్కురైనపుడు ఆ తీర్పు మనకు చాలదు. ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్ 1694లో తన గ్రంథపు రెండవ ముద్రణమున ఈ విషయమునే చర్చించెను. వ్యక్తి యనునది న్యాయవిచారణకు చెందిన పదమనియు, చేసిన పనిని తనదిగా ఎఱుగు చైతన్యమున్నంతవఱకే ఆ వ్యక్తి యనియు, ఒక దేహమున పగటి చైతన్యము, రాత్రి చైతన్యము ఒకదానినొకటి యెఱుగకున్నచో వారిద్దఱును వేర్వేఱు వ్యక్తులనియు ఆతడు నిర్ణయించెను. మేము ఆ ఉపాధ్యాయినికి చెప్పిన వాదము తెలియకయే లాక్ వాదమయ్యెను. ఆమె దానిని ఖండించినది. జ్ఞాపకము లేకయే ఋణమును తనదిగా స్వీకరించినది. మేము రెండుగా చీల్చిన మనిషిని ఆమె ఒక్క మాటతో ఒకటిగా నిలిపినది.

దీనినుండి మేము గ్రహించినదిది: మనిషి యొక్కడనుట దేహముతో పుట్టిన వస్తువు కాదు; ప్రతిదినమును చేయవలసిన పని. నిన్న నాలో ఎవడు తప్పు చేసినను నేడు దాని మూల్యము నేను చెల్లింతునని పూనుకొనుటయే ఆ పని. జ్ఞాపకము దానికి తోడ్పడునుగాని అది లేకున్నను పూనిక సాధ్యమే.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు: ఇట్లయినచో ఎఱుగని నేరమునకును రోగిని శిక్షింపవలెనా? కూడదు. 1977లో ఒహాయో రాష్ట్రమున బిల్లీ మిల్లిగన్ అను యువకుడు స్త్రీలపై అత్యాచారము చేసెనని పట్టుబడగా, అతనిలో పలువురు వ్యక్తులు కలరని వైద్యులు సాక్ష్యమిచ్చిరి. 1978లో న్యాయస్థానము ఉన్మాదకారణమున అతడు దోషి కాడని తీర్పు చెప్పి చికిత్సాలయమునకు పంపెను. మన దేశమున 1860 శిక్షాస్మృతి 84వ సెక్షనునందున్న సూత్రము 2024 జూలైనుండి భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షనుగా నడచుచున్నది. మతి చెడినందున తన పని యెట్టిదో, అది తప్పో కాదో ఎఱుగజాలనివాని చేత నేరము కాదని దాని సారాంశము. బాధ్యతను తనంతట తాను స్వీకరించుట వేఱు. ఇతరులు దానిని బలిమిని నెత్తిన రుద్దుట వేఱు. మొదటిది ఆత్మగౌరవము, రెండవది క్రౌర్యము. ఆ ఉపాధ్యాయిని చెల్లింతుననుట గొప్ప. వర్తకుడామెను వీథిలో నిలదీసియున్నచో అది నీచము.

ఆ క్రౌర్యము మన యిండ్లలో లేకపోలేదు. కోడలు వేఱు గొంతుతో మాటలాడిన తోడనే దయ్యము పట్టినదని భూతవైద్యుని పిలిపించి, వేపమండలతో కొట్టించి, మిరపకాయల పొగ పెట్టించు కుటుంబములను చదువుకొన్నవారిలోను చూచియున్నాము. జాతరలో పూనకము వచ్చిన ప్రతివారును రోగులని మేమనుట లేదు. సంఘమంగీకరించిన ఆచారములోని పూనకమును వ్యాధిగా ఎంచరాదని 2022లో అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ వ్యాధిపట్టికయు చెప్పుచున్నది. కాని బాధపడువానిలో ఒకరిని "మనవారు" అనియు, మఱియొకరిని "వెడలగొట్టవలసిన శత్రువు" అనియు ఎంచి కొట్టినచో, దెబ్బలు తినునది ఆ యొక్క దేహమే. 2001 ఆగస్టులో తమిళనాట ఏర్వాడిలో మనోరోగులను గొలుసులతో కట్టియుంచిన ఆశ్రయమున నిప్పంటుకొని 28 మంది మరణించిరి. అట్లు గొలుసులు వేయుటను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 95వ సెక్షను నిషేధించినది. ఆ చట్టమే 5వ సెక్షనులో, తనకు రోగము ముదిరినపుడు ఎట్టి చికిత్స చేయవలెనో, ఎట్టిది చేయరాదో ముందుగా వ్రాసియుంచు హక్కును ప్రతి వయోజనునకును ఇచ్చినది. ఒకనాటి నేను మఱియొకనాటి నేనును కాపాడుకొనుటకు ఇంతకంటె మంచి సాధనమేమున్నది?

తుదకు మనలను గూర్చి యొక మాట. సభలో వరకట్నమును ఖండించి, ఇంట కుమారుని వివాహమున లాంఛనములను లెక్కించు పెద్దమనుష్యులను మన మెఱుగుదుము. మేమును అట్టి పెండ్లిపందిళ్లలో మౌనముగా భోజనము చేసి వచ్చినవారమే. మనలోను ఇద్దఱున్నారు. ఇద్దఱికిని అన్నియు జ్ఞాపకమున్నవి; అయినను ఒకడు చేసిన అప్పును రెండవవాడు తీర్పడు. ఆ ఉపాధ్యాయినికి జ్ఞాపకము లేదు, అయినను తీర్చినది. ఎవరు చీలిపోయిరి, ఎవరు ఒక్కటిగా నిలిచిరి?

కావున అట్టివారెదురైనపుడు "మీలో నిజమైన వారెవరు" అని అడుగకుందము. మాటలాడువారెవరైనను మర్యాదతో విందము. వైద్యుని యొద్దకు తోడు పోదము. కొందఱు తమలోని వారందఱును ఒకరితో నొకరు కలిసిపోవలెనని కోరుదురు. కొందఱు పొత్తుగా బ్రతుకుట చాలునందురు. ఆ నిర్ణయము వారిది. మన పని మన ఖాతా తెఱచి చూచుకొనుట. అందు మన చేతివ్రాత కాదని త్రోసివేసిన బాకీలెన్ని కలవో, మన బీరువాలలో ఎవరి చీరలున్నవో!