తలగడలో దాగిన వాక్యము

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 16:19-40



కురుడుమలె, ముళబాగిలు, కోలారు, బంగారు గనుల పేటలలోను, గనులు 2001లో మూతబడిన తరువాత బ్రతుకు తెరువుకై బెంగుళూరు మొదలగు చోట్లకు వెళ్లి స్థిరపడినవారి మధ్యను ఉన్న మన తెలుగు బాప్తిస్టు సంఘములన్నిటికి రక్షకుని నామమున వందనములు.

పౌలు సీలలు ఫిలిప్పీ చెరసాలలో ఎందుకు పడిరి? దయ్యము పట్టిన ఒక చిన్నది బాగుపడగా ఆమె యజమానుల రాబడి పోయెను. అయితే వారు అధికారులయెదుట రాబడి మాట ఎత్తలేదు. వీరు ఊరిలో అల్లరి పుట్టించుచున్నారని ఫిర్యాదు చేసిరి. అన్యాయపు నేరారోపణ తన అసలు పేరుతో ఎన్నడును రాదు.

మన సంఘముల పుట్టుకతో చుట్టరికమున్న ఒక చెరసాలను జ్ఞాపకము చేసికొందము. అదోనీరామ్ జడ్సన్ 1812లో కలకత్తాలో బాప్తిస్మము పొంది బర్మాకు వెళ్లెను. ఆయన పనికి సహాయము చేయుటకే అమెరికా బాప్తిస్టులు 1814లో ఒక మిషను సంఘముగా కూడిరి. ఆ మిషనే పంపగా శామ్యూల్ డే దొరగారు 1836లో తెలుగువారియొద్దకు వచ్చిరి. తరువాత మన తెలుగువారు వేలమంది కూలికై రంగూనుకు ఓడలెక్కిరి. కనుక ఆ బర్మా చెర మనకు పరాయి కథ కాదు.

1824లో ఆంగ్లేయులకు బర్మా రాజుకు యుద్ధము వచ్చెను. జడ్సన్ అమెరికావాడైనను, ఆయనకు డబ్బు ఆంగ్లేయ వర్తకుని ద్వారా అందుచున్నందున వేగులవాడని అనుమానించి జూన్ 8న ఆవా నగరములో పట్టుకొనిరి. ఇంచుమించు 17 నెలలు చెరలోనుండెను. కాళ్లకు సంకెళ్లు, రాత్రివేళ ఆ కాళ్లను వెదురు బొంగుతో పైకెత్తి కట్టెడివారు.

ఆయన వ్రాసిన బర్మా క్రొత్త నిబంధన వ్రాతప్రతిని భార్య ఆన్ అమ్మగారు మొదట నేలలో పాతిపెట్టెను. చెమ్మకు పాడగునని తీసి తలగడలో పెట్టి కుట్టి చెరలోనికి పంపెను. ఎవరును ఆశింపని గట్టి తలగడ అది! 1825లో ఖైదీలను వేరొక చెరకు తరలించునప్పుడు కావలివారు దానిని పారవేసిరి. మౌంగ్ ఇంగ్ అను విశ్వాసి తన గురువుగారి గురుతుగా దానిని ఇంటికి తీసికొనిపోయెను. అందులో ఏమున్నదో అతనికి తెలియదు. కొన్ని నెలలకు వ్రాతప్రతి చెడకుండ దొరికెను. 1834లో జడ్సన్ బర్మా బైబిలంతయు ముగించెను.

ప్రియులారా, ఇందులో మనకు మూడు పాఠములున్నవి.

మొదటిది, ఖైదీని సంఘము విడువరాదు. ఆన్ అమ్మగారు చంటిబిడ్డను మోసికొని చెరసాల చుట్టు తిరిగెను. మనలో ఒకరిమీద అబద్ధపు కేసు పడినప్పుడు, “ఏదో చేసియుండును” అని మనమే దూరముగా జరిగినయెడల చెరకంటె అది పెద్ద శిక్ష. అతని ఇంట పొయ్యి వెలుగుచున్నదా, పిల్లలు బడికి పోవుచున్నారా అని పెద్దలు చూడవలెను.

రెండవది, న్యాయమడుగుట అవిశ్వాసము కాదు. ఆమె ప్రార్థించెను, అధికారుల గడపలును త్రొక్కెను. పౌలు కూడ రహస్యముగా విడిచిపెట్టుటకు ఒప్పుకొనక, అధికారులే వచ్చి వెలుపలికి తీసికొనిపోవలెనని పట్టుబట్టెను. మన రాజ్యాంగము 22వ అధికరణము ప్రకారము, మామూలు కేసులలో, పట్టుకొన్న కారణము చెప్పవలెను. ప్రయాణకాలము పోను 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. 1987 నాటి న్యాయసేవల చట్టముచొప్పున కస్టడీలో ఉన్నవారికి ఉచిత న్యాయసహాయము కోరు హక్కు కలదు. ఈ సంగతి ప్రతి సంఘ పెద్దకు తెలిసియుండవలెను.

మూడవది, మనకు కోరు స్వేచ్ఛను పొరుగువానికిని కోరవలెను. బాప్తిస్టుల ఆది పెద్దలలో ఒకరైన థామస్ హెల్విస్ 1612లో, మనస్సాక్షిమీద రాజుకు అధికారము లేదని, యూదులకు, మహమ్మదీయులకు సయితము స్వేచ్ఛ ఉండవలెనని వ్రాసి, ఇంగ్లండులో చెరపాలై అందులోనే కన్నుమూసెను. 25వ అధికరణము శాంతిభద్రతలు, నీతి, ఆరోగ్యములకు లోబడి అందరికి ఇచ్చుచున్నది ఆ స్వేచ్ఛనే. కురుడుమలె వినాయకుని గుడికి వెళ్లు మన పొరుగువానికిని అది ఉన్నది. అతని మ్రొక్కును ఎగతాళి చేసిన నోటితో మన స్వేచ్ఛను అడుగలేము.

అన్ని చెరలును విడుదలతోనే ముగియవు. జడ్సన్ బయటికి వచ్చెను గాని, 1826లో ఆన్ అమ్మగారు, మరుసటి ఏట ఆ పసిబిడ్డ మరణించిరి. విశ్వాసము నష్టమును తప్పించునని నేను చెప్పను. నష్టములోను ప్రభువు చేయి విడువడని చెప్పుచున్నాను. ఈ ఆదివారము మీ కూటములో, అన్యాయముగా బంధింపబడిన వారికొరకు, ఏ మతమువారైనను, ప్రార్థించుడి. తరువాత వారిలో ఒకరి ఇంటికైనను వెళ్లుడి.

కృప మీకందరికి తోడైయుండును గాక. ఆమేన్.