పిల్లిని కొట్టడమా, ఉట్టి కట్టడమా?

మా అమ్మమ్మగారింట్లో వంటింటి దూలానికి ఉట్టి వేలాడుతూ ఉండేది. పాలు, పెరుగు, వెన్న అన్నీ దానిమీదే. ఒకరోజు ఉట్టి తాడు తెగితే పెరుగుగిన్నె కింద పెట్టారు. పిల్లి వచ్చి శుభ్రంగా నాకేసి పోయింది. నేను కర్ర పుచ్చుకుని బయల్దేరితే అమ్మమ్మ ఆపేసింది. "అది నీ పెరుగని దానికేం తెలుసే? పోయి కొత్త తాడు పట్రా" అంది.

ఇన్నేళ్ళకి ఆ ఉట్టి ఎక్కడ గుర్తొచ్చిందో చెబితే నవ్వుతారు. బ్రెజిల్లో!

అక్కడ జెయింట్ ఆర్మడిల్లో అనే జంతువుంది. మన అడవుల్లోని అలుగులాగే ఒంటికి కవచం ఉంటుంది గానీ, రెంటికీ దగ్గర చుట్టరికమేం లేదు. తోకతో కలిపి అయిదడుగులు, బరువు 50 కిలోల దాకా. ముందుకాలి మధ్యగోరు దాదాపు జానెడు! పగలంతా బొరియలో నిద్ర, రాత్రి చెదల కోసం, చీమల కోసం వేట. ఒక బొరియలో ఎన్నాళ్ళో ఉండదు, ఇంకోటి తవ్వుకుంటుంది. 2010లో పంతనాల్ చిత్తడినేలల్లో పని మొదలుపెట్టిన ఆర్నో డెబియెజ్ బృందం కెమెరాలు పెట్టి చూస్తే, ఆ బొరియల్ని 20కి పైగా జాతుల ప్రాణులు వాడుకుంటున్నాయట. అద్దె లేదు, అడ్వాన్సు లేదు!

ఇంత పరోపకారి మీద కోపం ఎవరికనుకున్నారు? తేనెటీగలు పెంచుకునేవాళ్ళకి. సెర్రాడో అనే పచ్చికమైదానాల్లో దాదాపు సగం ఇప్పటికే పొలాలూ, పశువుల బీళ్ళూ అయిపోయింది. మిగిలినచోట ఈ జంతువు రాత్రివేళ తేనెపెట్టెల్ని పడదోసి, లోపలి పిల్లపురుగుల్ని తినేస్తుంది. కడుపు మండి కొందరు వాటిని చంపేశారు. ఆడ ఆర్మడిల్లో కాన్పుకి ఒక్క పిల్లనే కంటుంది, అదీ సుమారు మూడేళ్ళకోసారి. ఒక్కటి చచ్చినా ఆ లోటు తీరడం కష్టమే.

"పాపం, నోరులేని జీవం" అన్నాను. మావారు పేపరు దించి, "తేనెవాడు పాపం కాదూ? నీ బియ్యండబ్బా ఎలుక కొడితే ఊరుకుంటావా?" అన్నారు.

నాకు మాట పెగల్లేదు. నిజమే కదూ! జాలి నాది, నష్టం ఇంకొకరిది. అలాంటి జాలికి విలువెంత?

2015 నుంచి ఆ బృందం తేనెవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. నీతులు చెప్పలేదు. పెట్టెల్ని ఆర్మడిల్లోకి అందనంత ఎత్తు స్టాండ్ల మీద పెట్టించింది. అంటే ఉట్టి కట్టించిందన్నమాట! అలా చేసినవాళ్ళ తేనెకి ప్రత్యేకంగా ఓ ముద్ర. ఆ ముద్ర చూసి కొన్నవాళ్ళు ఉట్టి ఖర్చులో తమ వంతు మోసినట్టే.

'నాది' అనే మాట మనకి తెలుసు, జంతువుకి తెలీదు. అందుకే నాది అనుకున్నదాన్ని భద్రంగా దాచుకునే పని కూడా మనదే అనిపిస్తుంది. దానికయ్యే భారం మాత్రం ఒక్కడి నెత్తిన రుద్ది, మనం ధర్మం చెప్పకూడదు.

ఆ రోజు కొత్త తాడు కట్టాక అమ్మమ్మ చిన్న మూకుడులో కాసిని పాలు పోసి గుమ్మం పక్కన పెట్టింది. "మళ్ళీ దానికెందుకే?" అన్నాను. "ఉట్టి కట్టేస్తే దాని ఆకలి తీరుతుందా?" అంది.

మిగిలిన ఆ సగం సెర్రాడో గురించి చదివినప్పుడల్లా ఆ మూకుడే గుర్తొస్తోంది.