సాహసం ఎవరి సొత్తు?

కిందటి చలికాలంలో ఒక సాయంత్రం, నిర్మల్‌లో కాలేజీ వదిలిన తర్వాత, బి.ఏ. రెండవ సంవత్సరం చదివే కుర్రవాడొకడు తన సెల్‌ఫోనులో ఒక దృశ్యం నాకు చూపించాడు. ఇరవై మందికి పైగా యువకులు మోటారుసైకిళ్ళ మీద ఒకే వరుసలో నిలబడి ఉన్నారు. ముందున్న ఇనుప గేటు నేలకు ఒరగగానే అందరూ ఒక్కసారిగా దూకారు. దారి పొడుగునా మట్టి దిబ్బలు. దిబ్బ మీది నుంచి బండి ఇంటికప్పు ఎత్తున లేచి, అవతలి దిబ్బ వాలులో దిగుతుంది. మూడో చుట్టులో ఒకడు గాలిలోనే బండి నుంచి విడిపోయాడు. ఎవరో పసుపు జెండా ఊపారు. మిగతావాళ్ళు అతని పక్కనుంచే వెళ్ళిపోయారు.

"సార్, వీడికి పందొమ్మిదేళ్ళు. వీడి ఉద్యోగమే ఇదట. వీణ్ణి ఆటగాడనాలా, కూలివాడనాలా?" అని అడిగాడు మావాడు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. యంత్రాల సంగతి నాకు తెలిసింది స్వల్పం. కాని మావాడు అడిగింది యంత్రాలను గురించి కాదు. ఆ క్షణంలో ఏదో చెప్పి తప్పించుకున్నాను గాని, ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

మోటోక్రాస్ అనే ఈ ఆటకు పుట్టినిల్లు ఇంగ్లండు. 1924లో సర్రే ప్రాంతంలోని కాంబర్లీ దగ్గర, బీడు నేలల మీద, వారాంతపు వినోదంగా మొదలయింది. 1957 నాటికి దానికి ప్రపంచ చాంపియన్‌షిప్ ఏర్పడింది. 1972లో అమెరికా వ్యాపారస్థులు లాస్ ఏంజెలెస్ నగరంలోని కొలీజియం స్టేడియంలోకి మట్టి తోలించి, దిబ్బలు కట్టించి, టిక్కెట్లు పెట్టి పందెం నడిపించారు. కొండవాలుల్లో జరిగే ఆటను ప్రేక్షకుడి కుర్చీ దగ్గరికి తెచ్చారన్నమాట. దాన్నే ఇవాళ సూపర్‌క్రాస్ అంటున్నారు. ఆ మొదటి పందెంలో గెలిచిన మార్టీ ట్రైప్స్ వయస్సు పదహారేళ్ళు.

అమెరికాలో వృత్తి పందెగాడు కావడానికి ఇప్పటికీ కనీస వయస్సు పదహారే. అయితే పదహారేళ్ళకు గేటు ముందు నిలబడేవాడు నాలుగైదేళ్ళ వయస్సులోనే 50 సీసీ బుల్లి బండి ఎక్కి ఉంటాడు. తండ్రే మెకానిక్కు, తండ్రే శిక్షకుడు, తండ్రే ఖర్చుదారు. ఇంటి రాబడి బండిలోకీ, టైర్లలోకీ, ప్రయాణాలలోకీ పోతుంది. పిల్లవాడికి ఊహ తెలిసేటప్పటికే ఆ కుటుంబం ఆశలన్నీ అతని మణికట్టు మీదా మోకాలి చిప్ప మీదా పెట్టుబడిగా ఉంటాయి. ఇక ముగింపు చూడండి. రికీ కార్మైకేల్ 2007లో ఇరవై ఏడేళ్ళకు విరమించాడు. రయన్ విలపోటో 2015లో ఇరవై ఆరేళ్ళకు, రయన్ డంజీ 2017లో ఇరవై ఏడేళ్ళకు మానుకున్నారు. వీళ్ళు ఓడి పోయినవాళ్ళు కారు, ఆటలో అగ్రగాములు. మన దగ్గర ఆ వయస్సుకు ఇంకా ఉద్యోగ ప్రకటన కోసం ఎదురు చూస్తుంటారు.

ఇక పడినవాళ్ళ సంగతి. డేవిడ్ బెయిలీ 1987 జనవరిలో, ఇరవై అయిదేళ్ళ వయస్సులో, అభ్యాసం చేస్తూ పడ్డాడు. వెన్నెముక దెబ్బతిని నడుము కింది శరీరం చచ్చుబడిపోయింది. కెన్ రాక్సెన్ ఎడమ చేయి 2017లో ఎంత నుజ్జయిందంటే, చేయి నిలుస్తుందా లేదా అన్న దశ వచ్చింది. ఎన్నో శస్త్రచికిత్సల తర్వాత తిరిగి బండి ఎక్కి, మరుసటి సంవత్సరం కుడి చేయి విరగగొట్టుకున్నాడు. ఇంత జరిగినా, జట్టుతో ఉండే ఒప్పందంలో పందెగాడు సాధారణంగా ఉద్యోగి కాడు, స్వతంత్ర కాంట్రాక్టరు. మన పట్టణాల్లో అన్నం పొట్లాలు మోసుకుపోయే కుర్రవాళ్ళను కంపెనీలు 'భాగస్వాములు' అంటాయే, ఆ పద్ధతిలోనే. లాభంలో పొత్తు ఎంతో తెలియదు గాని, నడుము విరిగితే మాత్రం పూర్తి స్వాతంత్ర్యమే.

ఈ విషయం ఒక మిత్రుడితో ప్రస్తావించాను. ఉద్యమంలో నాకంటె పాతవాడు. ఆయన వెంటనే కొట్టివేశాడు. "పెట్రోలు కాల్చి గాలిలో ఎగరడం తిన్నదరగని వర్గపు పిచ్చి. సాహసమంటే రాంజీ గోండుది" అన్నాడు. 1860లో రాంజీ గోండునూ అతని అనుచరులనూ ఉరితీసిన ఊరు మాది. వెయ్యి ఉరుల మర్రి పేరు ఎత్తితే ఇక్కడ ఎవరూ ఎదురు మాట్లాడరు. నేనూ మాట్లాడలేదు. కాని ఒప్పుకోనూ లేదు.

నలుగురి కోసం ప్రాణమిచ్చినవాడి సాహసం గొప్పదని ఎవరు కాదంటారు? అయితే ప్రయోజనం లేని సాహసమంతా తుచ్ఛమనడం నాకు అన్యాయంగా తోస్తుంది. గోదావరి వరదలో వంతెన మీది నుంచి దూకి ఈదే పిల్లలు ఏ వర్గానికి చెందినవాళ్ళు? తన శరీరం ఎంతవరకు పోగలదో చూసుకోవాలన్న తహతహ మనిషికి సహజం. సోషలిస్టు దేశాలూ దాన్ని చిన్నచూపు చూడలేదు. చెకోస్లొవాకియాలో జాతీయం చేసిన సీజెడ్ కర్మాగారం మోటోక్రాస్ బండ్లకు ప్రపంచ ప్రసిద్ధి. 1965లో 250 సీసీ ప్రపంచ విజేత విక్టర్ అర్బెకోవ్ అనే సోవియట్ పౌరుడు. ఎక్కింది సీజెడ్ బండి.

అక్కడంతా స్వచ్ఛంగా ఉన్నదని చెప్పబోవడం లేదు. 1974లో స్విట్జర్లాండు పందెంలో చెక్ పందెగాడు ఫాల్టా గెలిచాననుకున్నాడు. గేటు ముందుగా దాటాడని అతని లెక్కలో ఒక నిమిషం కోత పెట్టారు. చాంపియన్ పదవి సోవియట్ పందెగాడు మొయిసేయెవ్‌కు దక్కింది. సోవియట్ సహచరులు ఫాల్టాకు అడ్డుపడ్డారన్న అపవాదు నేటికీ ఉన్నది. మొయిసేయెవ్ ఎక్కిన బండి ఆస్ట్రియా పెట్టుబడిదారుల కేటీఎం. మా మిత్రుడికి ఈ కథ చెప్పినప్పుడు ఆయన మాట మార్చాడు.

కనక ఆటలో తప్పు లేదు. మార్క్స్ 1844 రాతప్రతులలో, శ్రామికుడు తన శ్రమలోనే తనకు పరాయివాడవుతాడనీ, పని వదిలిన తర్వాతే తనవాడవుతాడనీ వివరించాడు. పందెగాడి విషాదం దీనికి తిరగవేసిన రూపం. మనిషి తనవాడుగా ఉండగలిగిన చోటు ఆట. ఆ చోటే అమ్ముడుపోయింది. ఇక అతను తన ఇంటికి వెళ్ళాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

దీనికి ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఎవరూ బలవంతపెట్టలేదు, తానే ఎంచుకున్నాడు." ఉదారవాదులకు ఇది బ్రహ్మాస్త్రం. నేను ఈ 'ఎంచుకోవడం' అన్నమాటను కొంచెం అవతలి కొసనుంచి పట్టుకోవాలంటాను. గేటు దగ్గర నిలబడేటప్పటి సమ్మతిని అందరూ చూస్తారు. ఆ సమ్మతి నిజమైనదేనా అని తెలియాలంటే, మధ్యలో అతను ఆగిపోగలడా అని చూడాలి. ఆగితే ఇంటి అప్పు ఎవరు తీరుస్తారు? ఆగినవాణ్ణి మళ్ళీ జట్టులోకి పిలుస్తారా? అయిదేళ్ళ పిల్లవాడు "నాన్నా, నాకు భయమేస్తున్నది, ఇక చాలు" అంటే ఆ ఇంట్లో ఆ రాత్రి ఏం జరుగుతుంది? ఆగే హక్కు లేని చోట మొదలుపెట్టే హక్కు గురించి మాట్లాడటం నాకు పరిహాసంగా కనిపిస్తుంది.

మన దేశానికి వద్దాం. ఇక్కడ ఈ ఆటకు పెద్ద పేరు బెంగుళూరు వాసి సి.ఎస్. సంతోష్. మోటోక్రాస్‌లో ఎదిగి, ఎడారి పందేల వైపు మళ్ళి, 2015లో డకార్ ర్యాలీ పూర్తిచేసిన మొదటి భారతీయుడయ్యాడు. అప్పుడు వచ్చిన స్థానం 36. తర్వాత హీరో కంపెనీ జట్టులో చేరాడు. 2020 జనవరిలో అదే జట్టుకు చెందిన పోర్చుగీసు పందెగాడు పాలో గొన్సాల్వెస్ సౌదీ ఎడారిలో పడి మరణించాడు. మర్నాటి మోటారుసైకిళ్ళ దశ రద్దయింది. ఆ మర్నాడు పందెం మళ్ళీ సాగింది. హీరో జట్టు విరమించుకున్నది. మంచి పనే. అయితే ఆ ఆగడం కూడా కంపెనీ నిర్ణయమేనని మరవకూడదు. ఏడాది తిరిగి 2021 జనవరిలో సంతోష్ అదే ఎడారిలో పడ్డాడు. వైద్యులు అతన్ని కృత్రిమ కోమాలో ఉంచవలసి వచ్చింది. అదృష్టవశాత్తు బతికి బయటపడ్డాడు. 2024లో మన దేశంలో సూపర్‌క్రాస్ లీగు మొదలైనప్పుడు పందెగాళ్ళను వేలంలో కొన్నారు. క్రికెట్ మూలంగా మనుషుల వేలం అన్నమాటకు అలవాటుపడిపోయాం కనక ఎవరి ఒళ్ళూ జలదరించలేదు.

2023 ఆగస్టు 5న మద్రాసు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై బాట మీద, తారురోడ్డు పందెంలో, బెంగుళూరుకు చెందిన పదమూడేళ్ళ బాలుడు పడి చనిపోయాడు. పసివాణ్ణి పంపినందుకు పెద్దలను నిందించినవాళ్ళు ఎంతోమంది. నేనూ మనస్సులో నిందించాను. అప్పుడే మరొక పదమూడేళ్ళ బిడ్డ గుర్తుకు వచ్చింది.

సోన్ దగ్గర గోదావరి దాటితే నిజామాబాదు జిల్లా. ఆ జిల్లాలోని పాకాల గ్రామంలో, వ్యవసాయ కూలీలైన లంబాడా దంపతుల కూతురు మాలావత్ పూర్ణ. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. వెంట ఖమ్మం జిల్లా దళిత విద్యార్థి ఆనంద్ కుమార్. పంపినది అప్పటి ఉమ్మడి రాష్ట్ర సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ. నేపాల్ వైపు పదహారేళ్ళ లోపు వాళ్ళకు అనుమతి లేదు కనక టిబెట్ వైపు నుంచి ఎక్కించారు. ఆ వార్త విన్ననాడు నా కళ్ళు చెమర్చాయి. ఇవాళ తలచుకున్నా చెమరుస్తాయి. మన ప్రాంతపు కూలి తల్లి బిడ్డ ప్రపంచాన్ని పైనుంచి చూసింది. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

కాని నిజాయితీగా ఆలోచిస్తే, ఇద్దరూ పదమూడేళ్ళవాళ్ళే. ఒకరి విషయంలో పెద్దలను నిందించాను, ఇంకొకరి విషయంలో కొనియాడాను. రెంటికీ నడుమ తేడా ఫలితం ఒక్కటేనా? బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే తత్వవేత్తలు 1976లో 'నైతిక అదృష్టం' అనే పేరుతో ఈ చిక్కునే చర్చించారు: చేసిన పని ఒకటే అయినా, ఫలితాన్ని బట్టి మనం ఒకణ్ణి దోషి అంటాం, మరొకణ్ణి వీరుడంటాం. పూర్ణ గెలవడంతో ప్రశ్న మూతపడింది. గెలుపు చేసే పనే అది.

వర్గం పేరు చెప్పి దీన్ని దాటవేయడానికి ప్రయత్నించాను. ధనికుల బిడ్డ పడితే దురాశ, పేదల బిడ్డ ఎక్కితే విమోచన! ఈ తర్కం నాకే రుచించలేదు. చివరికి నాకు కాస్త నిలబడినట్లు తోచిన తేడా ఒకటే. పర్వతారోహణలో వెనుదిరగడానికి గౌరవం ఉన్నది. వాతావరణం చెడితే, ఊపిరి అందకపోతే, శిఖరానికి నూరడుగుల దూరంలో వెనక్కి మళ్ళినవాణ్ణి ఆ వృత్తిలోని వాళ్ళు పిరికివాడనరు. గేటు పడిన తర్వాత పందెంలో అటువంటి గౌరవం లేదు. గురుకులం పంపిన బిడ్డ దిగివచ్చినా మర్నాడు ఆమె బడీ, పడకా, భోజనమూ అక్కడే ఉంటాయి. ఈ మాట కొంత ఆశతో అంటున్నానని ఒప్పుకుంటాను.

పూర్ణ ఎక్కిన ఆ వసంతంలోనే, ఏప్రిల్ 18న, కొండకు నేపాల్ వైపున హిమపాతంలో 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. చాలామంది షెర్పాలు. ఇతరుల సాహసానికి తాళ్ళూ, నిచ్చెనలూ, ఆక్సిజన్ సిలిండర్లూ మోసేవాళ్ళు. మిగిలిన షెర్పాలు ఇక ఆ ఏడు ఎక్కమన్నారు. నష్టపరిహారం పెంచమనీ, చనిపోయినవాళ్ళ కుటుంబాలను చూడమనీ ప్రభుత్వాన్ని అడిగారు. దేశదేశాల నుంచి డబ్బు కట్టి వచ్చినవాళ్ళు సంచులు సర్దుకుని తిరిగిపోయారు. ఆ కొండ మీద ఆ ఏడాది జరిగిన పనులన్నిటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఇది. ఎక్కడం బతుకుతెరువైనవాళ్ళు కలిసి ఆగారు. మోటోక్రాస్ గేటు ముందు నిలిచే ఆ ఇరవై మంది ఒకరికొకరు పోటీదారులు. కలిసి ఆగడమనే ఊహ వాళ్ళలో ఎలా పుడుతుంది?

మావాడికి ఇదంతా రెండు విడతలుగా చెప్పాను. ఓపికగానే విన్నాడు. వాళ్ళమ్మ బీడీలు చుడుతుంది. అన్న గల్ఫులో ఉన్నాడు. ఇంట్లో బండికి వాయిదాలు కడుతున్నది ఆ అన్నే. ఆదివారాలు మావాడూ స్నేహితులూ మహబూబ్ ఘాట్ మలుపుల్లో పందేలు వేసుకుంటారని నాకు చాలాకాలంగా తెలుసు. తెలిసీ అడగలేదు.

"సార్, మాకు కంపెనీ లేదు, కాంట్రాక్టు లేదు. అయినా మలుపు దగ్గర నేను బ్రేకు వేస్తే మావాళ్ళు వారం రోజులు నవ్వుతారు" అన్నాడు.

ఏ మలుపు దగ్గర అని అడిగాను. చెప్పలేదు. ఈ ఆదివారం మీరూ రండి సార్, చూపిస్తాను అన్నాడు. వస్తానన్నాను.