పక్క మంచం మనిషి

గచ్చిబౌలిలో అద్దాల మేడలు లేవకముందే అక్కడ ఒక విశ్వవిద్యాలయం ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం. 1974లో ఏర్పడింది. తొలి పాఠాలు అబిడ్స్‌లో, ఒకప్పుడు సరోజినీ నాయుడు కుటుంబం ఉన్న గోల్డెన్ త్రెషోల్డ్ అనే ఇంట్లో. తర్వాత గచ్చిబౌలి బండరాళ్ల నడుమకు వచ్చింది.

దేశం నలుమూలల నుంచీ పిల్లలు ఇక్కడి హాస్టళ్లకు చేరతారు. శ్రీకాకుళం కుర్రాడి పక్క మంచం మణిపూర్ కుర్రాడిది కావచ్చు. మొదట్లో భాష కలవదు. ఒక ఆదివారం మెస్‌లో ఆవకాయ సీసా మూత తెరుచుకుంటుంది. చప్పటి పప్పు మీద ఎర్రటి నూనె జారుతుంది. ఒక ముద్ద పక్క కంచంలోకి వెళుతుంది. తిన్నవాడి కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు.

ఇల్లు వదిలి వచ్చినవాళ్లకు పక్క మంచం మనిషే మొదటి చుట్టం.

జ్వరం వస్తే మాత్ర తెచ్చేది అతనే. పరీక్ష పోయిన రాత్రి, ఇంటికి ఫోన్ చేయడానికి మనసొప్పని ఆ రాత్రి, పక్కన కూర్చునేదీ అతనే. ఆ తోడుకు ఏ డిగ్రీ కాగితంలోనూ చోటుండదు. అయినా చదువులో అదీ ఒక భాగమే.

దగ్గర్లోని ట్రిపుల్ ఐటీలోనూ, ఉద్యోగాల వేటలో వచ్చినవాళ్లుండే మాదాపూర్ హాస్టళ్లలోనూ అంతే. పక్క మంచం మనిషే మొదటి చుట్టం.

ఫోన్‌లో అమ్మానాన్నలు తిన్నావా అంటారు, మార్కులడుగుతారు. ఈ పొద్దున ఆ పక్క మంచం పిల్లాడి పేరు కూడా అడగండి.