ఎముక చెప్పే కాలం

మట్టిలో దొరికిన ఎముకను చూపి మరణం సంభవించి ఎంతకాలమైందని న్యాయస్థానం అడిగినప్పుడు, ఫోరెన్సిక్ నిపుణుడు కొలిచేది ఎముకలో వచ్చిన మార్పును; కాలాన్ని ఆ మార్పు నుంచి ఊహించవలసిందే. మార్పుకు వేరుగా కాలమనేది ఒకటి ఉందా అన్న వివాదం భారతీయ దర్శనాలలో చాలా పాతది. వైశేషికులు కాలాన్ని తొమ్మిది ద్రవ్యాలలో ఒకటిగా, నిత్యమూ సర్వవ్యాపకమూ అయినదానిగా అంగీకరించి, ముందు, వెనుక, ఆలస్యం, శీఘ్రం అనే ప్రతీతులు దానికి లింగాలని, అనగా దాని ఉనికిని పట్టిచ్చే గుర్తులని చెప్పారు. బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు మూలమధ్యమకకారికలోని కాలపరీక్ష అనే అధ్యాయంలో, వస్తువును ఆశ్రయించి నిలిచే కాలం వస్తువు లేనిచోట ఎలా ఉంటుందని నిలదీశాడు.

ఎముక మొదట నాగార్జునుని పక్షానే సాక్ష్యం చెబుతుంది. తాజా ఎముకలోని ఖనిజాన్ని అల్లుకొని ఉండే కొల్లాజెన్ అనే మాంసకృత్తు, మరణానంతరం నీటి చర్యకు తెగిపోతూ, సూక్ష్మజీవులకు ఆహారమవుతూ తరిగిపోతుంది; అయితే చల్లని పొడి గుహలో వేల ఏళ్లు నిలిచే ఆ పదార్థమే వెచ్చని తడి నేలలో అంతకంటే ఎంతో త్వరగా నశిస్తుంది కనుక, మిగిలిన కొల్లాజెన్ ఏళ్ల లెక్కతోపాటు వేడి, తేమ, మట్టి ఆమ్లత్వాల చరిత్రను కూడా కలగలిపి చెబుతుంది. ఎముకలోని సిట్రేట్ అనే సేంద్రియ లవణం పరిసరాలకు లొంగకుండా ఒక క్రమంలో తగ్గుతుందని 2010లో వెలువడిన పరిశోధన ఆశ కలిగించింది గాని, తరువాతి పరీక్షలలో ఆ క్రమం నిలకడగా కనిపించలేదు.

వైశేషికునికి ఎముకలోని రేడియోకార్బన్ అనే రేడియోధార్మిక కార్బన్ అండగా నిలుస్తుంది. ఏ మట్టిలో ఉన్నా, ఎంత వేడి తగిలినా అది సుమారు 5,730 ఏళ్లకు సగమవుతుంది. కాని వాతావరణంలో దాని పాలు అన్ని యుగాలలోనూ ఒకటిగా లేనందున ఫలితాన్ని చెట్ల వార్షిక వలయాలతో సరిచూడవలసి వస్తుంది. అంటే ఒక మార్పుకు మరొక మార్పే కొలబద్ద. ఇక్కడితో వాదం ముగిసిందనుకోవడం మాత్రం తొందరపాటు. 1983లో ఇంగ్లండ్‌లోని లిండో బురదనేలలో పుర్రె భాగం బయటపడగా, ఒక వ్యక్తి అది రెండు దశాబ్దాల కిందట తాను చంపిన భార్యదేనని భావించి నేరం ఒప్పుకున్నాడు; రేడియోకార్బన్ పరీక్షలో అది రోమన్ల కాలం నాటిదని తేలినా, ఒప్పుకోలు ఆధారంగానే అతనికి శిక్ష పడింది. ఆమ్లంతో నిండి, ప్రాణవాయువు చొరని ఆ బురద మార్పును దాదాపుగా ఆపివేసింది. మార్పే కాలమైతే ఆ పుర్రెకు వయసు రాలేదనాలి. అది ఇటీవలిదన్న అంచనా తప్పిందని అనగలుగుతున్నామంటే, ఆ ఎముకకు వెలుపల శతాబ్దాలు గడిచాయని ఒప్పుకుంటున్నట్లే. నాగార్జునుని అనుయాయి ఆ శతాబ్దాలు కూడా ఇతర వస్తువుల మార్పులేనని బదులివ్వగలడు, కాని వాటన్నిటినీ ఒకే వరుసలో నిలిపేది ఏమిటో అతడు ఇంకా చెప్పవలసే ఉంది.

బౌద్ధుల సతిపట్ఠాన సుత్తంలోని శ్మశానభావనలకు ఈ చిక్కు లేదు. ఉబ్బిన శవం మొదలు శంఖంలా తెల్లబడిన ఎముకల మీదుగా పొడి అయ్యేవరకు అది తొమ్మిది దశలు వర్ణిస్తుంది. వాటిలో ఒకటి రెండు మూడు రోజుల శవమని మొదటిదానికి, ఏడాది దాటిన ఎముకల కుప్ప అని ఎనిమిదవదానికి మాత్రమే వ్యవధి చెప్పి, మిగిలిన ఏడింటినీ కేవలం మార్పుతోనే గుర్తిస్తుంది. తన దేహమూ ఇదే స్వభావం కలదని చూడవలసిన భిక్షువుకు అంతకు మించిన లెక్క అవసరం లేదు.